ముందు సీటులో దిండు

సీసాల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ బుడగ అనేవారు. ఎదురుపడితే బుడగన్న, అటు తిరిగితే ఉత్త బుడగ. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా అతని పని ఒక్కటే. తెల్లటి లైటు పలక ముందు ఎత్తు కుర్చీలో కూర్చుంటాడు, సీసాలు బెల్టు మీద వరసగా సాగిపోతుంటాయి. గాజులో బుడగ ఉన్నదాన్ని, గీత పడినదాన్ని, మెడ దగ్గర వెంట్రుకంత పగులున్నదాన్ని లాగి పక్క తొట్టిలో పడేయాలి. బాగున్న సీసాతో అతనికి పనిలేదు, దాని దారిన అది పోతుంది. ఈ పనిలో అతన్ని మించినవాడు లేడని మేనేజరే ఒప్పుకునేవాడు. చిక్కేమిటంటే ఆ కన్ను షిఫ్టు అయ్యాక కూడా మూతపడేది కాదు. ఇంటి గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే గ్లాసు మీద నీటి మరక, గోడకు వంకరగా దిగిన మేకు, చీపురు పెట్టాల్సిన మూల కాక ఇంకో మూల పెట్టడం, అన్నీ కనిపించేసేవి. కనిపించినవన్నీ నోటి నుంచి బయటికి వచ్చేసేవి కూడా.

ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ భార్యా. పిల్లలు లేరు. ఆ సంగతి గురించి ఎన్నడో మాట్లాడుకుని, ఏడవాల్సింది ఏడ్చుకుని, ఊరుకున్నారు. ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. ఉతికి ఆరి వేడివేడిగా వచ్చిన దుప్పటిని ఎదుటి మనిషితో కలిసి చెరో కొసా పట్టుకుని దులపడం, మడవడం, దొంతి పెట్టడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే. అలా పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాక కుడి మోకాలు మొండికేసింది. చదును నేల మీద నడవడం ఫరవాలేదు, మెట్టు ఎక్కాలంటే మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆమె వెళ్ళే బస్సుకి మొదటి మెట్టు సరిగ్గా మోకాలెత్తున ఉంటుంది.

కారు కొన్నది ఆ మెట్టు కోసమే. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత ఆ ఇంట్లో ఒకరు దీన్ని శుభ్రంగా మర్చిపోయారు.

బూడిద రంగు కారు, రెండు చేతులు మారి వచ్చింది. ముందుగా కట్టిన సొమ్ములో సగం ఆమె దాచుకున్నదే. యాభై మూడేళ్ళ వయసులో అతను డ్రైవింగ్ నేర్చుకున్నాడు. నేర్పినవాడి తలప్రాణం తోకకు వచ్చిందనుకోండి, అయినా నేర్చుకున్నాడు. ఆ పట్టుదల చూసి ఆమె మురిసిపోయింది. ఆసుపత్రిలో పాతబడిపోయి పడేసిన ఆకుపచ్చ కర్టెను గుడ్డ అడిగి తెచ్చుకుని, లోపల దూది కూరి, ముందు సీటుకి సరిపోయేలా ఒక దిండు కుట్టుకుంది. మొదటి రెండు నెలలూ పొద్దున్నే ఆమెను లాండ్రీ గేటు దగ్గర దింపి అతను ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు. ఆమె సీటు వెనక్కి జరుపుకుని, దిండు మీద కూర్చుని, కుడికాలు బారజాపి రోజూ ఒకే మాట అనేది, "అమ్మయ్య" అని.

"ఇంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదండీ నేను," అంది ఒకరోజు. అతను రోడ్డు మీంచి కన్ను తిప్పకుండా, "తలుపు మెల్లగా వెయ్యి, అంత గట్టిగా కొట్టకు," అన్నాడు. లోపల మాత్రం ఛాతీ నిండిపోయింది. ఛాతీలో ఉన్నదాన్ని నోటిదాకా తెచ్చుకునే అలవాటు లేని మనిషి.

ఆ నిండిన ఛాతీలోకి సూది దింపినవాడు ప్యాకింగు సూపర్‌వైజరు.

"బుడగన్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రేకుల షెడ్డు కింద నీ కారేం చేస్తుంది?" అన్నాడు టీ తాగుతూ.

"ఏం చేస్తుంది. ఉంటుంది."

"అదే మరి. నీ కారు ఉంటుంది, నా కారు సంపాదిస్తుంది." ఫోను తీసి చూపించాడు. సొంత కారుని గంటలకీ రోజులకీ అద్దెకి ఇచ్చే యాప్. "తాళం చెవి మీ ఇంటి గేటు దగ్గర నంబరు పెట్టెలో పడేస్తావు. నంబరు వాళ్ళకి ఫోనులో వెళ్తుంది. వాళ్ళొస్తారు, తీసుకెళ్తారు, తెచ్చి పెడతారు. మొహాలు చూసుకునే పని కూడా లేదు. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చో, డబ్బు దానంతటదే వచ్చి పడుతుంది."

ఇంటికొచ్చి భార్యకి చెబితే ఆమె వద్దనలేదు. "మనకి పని లేనప్పుడేగా, ఇవ్వండి. ఖాళీగా ఉండి ఏం చేస్తుంది పాపం," అంది. మొదటి నెల కారు వాయిదా కారే కట్టుకుంది. ఇద్దరూ నోరు వెళ్ళబెట్టి ఫోను వంక చూశారు. ఆమె కూడా నవ్వింది, ఆ మాట దాచకూడదు.

కాలు మీద కాలేసుకునే యోగం మాత్రం అతనికి ఒక్కరోజు కూడా పట్టలేదు. జన్మలో అంత చాకిరీ ఎన్నడూ చేసి ఎరగడు. తెల్లవారుతూనే లేచి కారు కడగడం, లోపల దులపడం, తడిగుడ్డ, పొడిగుడ్డ, మళ్ళీ పొడిగుడ్డ. ఇచ్చే ముందు ఇరవై రెండు ఫోటోలు, తిరిగొచ్చాక ఇరవై రెండు ఫోటోలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, సీసాల్లో బుడగ వెతికినట్టు గీత కోసం వెతకడం. అద్దెకి తీసుకున్నవాళ్ళు ఇతనికి స్టార్లు ఇస్తారు, ఇతను వాళ్ళకి ఇస్తాడు. అయిదు స్టార్లకు ఒక్క వీసం తగ్గినా ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు. యాభై ట్రిప్పులు ఒక్కటీ రద్దు చేయకుండా పూర్తిచేస్తే పేరు పక్కన 'బంగారు యజమాని' అని పసుపుపచ్చ బిళ్ళ వేస్తారట. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఫ్యాక్టరీవాళ్ళు అతనికి ఒక్క బిళ్ళా ఇచ్చిన పాపాన పోలేదు. ఆ పచ్చ బిళ్ళ మీద మనసు పడిపోయింది.

కస్టమర్లకి మూడు నిమిషాల్లోపు జవాబు రాస్తే యాప్‌లో కారు పైన కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో బెల్టు దగ్గరికి ఫోను తేకూడదు. అంచేత అతను బాత్రూముకి వెళ్ళడం ఎక్కువైంది. అది గమనించిన ఫ్యాక్టరీ డాక్టరు పాపం షుగరు పరీక్ష రాసిచ్చాడు.

అతను రాసే జవాబులు చూడాలి మీరు. "నమస్కారమండీ, మీ ప్రయాణం సుఖంగా సాగాలని కోరుకుంటున్నాను. ఏ ఇబ్బంది కలిగినా మొహమాటపడకుండా ఫోన్ చేయండి. మీ సేవలో." సూపర్‌వైజరు దగ్గరుండి నేర్పించిన మాటలు ఇవి. మొదట్లో చూసి రాసేవాడు, పోను పోను చెయ్యి తిరిగింది. ఇంట్లో గ్లాసుడు నీళ్ళు కావాలంటే "ఏయ్, నీళ్ళు" అనే మనిషి, బయటివాళ్ళకి "దయచేసి" అని రాయడంలో ఆరితేరాడు.

ఒక కస్టమరు నాలుగు స్టార్లిచ్చి, "సీట్లో ఎవరిదో ఇంటి దిండు ఉంది" అని రాశాడు. ఆ సాయంత్రమే ఆకుపచ్చ దిండు అటక ఎక్కింది.

"కాస్త పొద్దున ఉంచి, నేను దిగాక తీసేయకూడదా?" అంది ఆమె.

"రోజూ పెట్టడం, తీయడం, ఎవరికుంది ఓపిక?"

ఓపిక ప్రశ్న ఎక్కువ రోజులు మిగల్లేదు. కారు కావాల్సినవాళ్ళకి పొద్దున ఏడింటికే కావాలి. ఏడింటికి తాళం చెవి పెట్టెలో ఉండాలంటే తొమ్మిదింటికి ఆమెను దింపడం కుదరదు. ముందు సోమవారాలు పోయాయి, తర్వాత శుక్రవారాలు, చూస్తూ చూస్తూ ఉండగానే వారమంతా పోయింది. అతను పాత సైకిలు దులిపి తీశాడు. ఆమె మళ్ళీ బస్సు స్టాపులో నిలబడింది.

అతను రాతిగుండె మనిషేం కాదు. బస్సు మెట్టు సంగతి రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. జానెడు ఎత్తున్న చిన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి, దాని కాలికి బారెడు నైలాను తాడు కట్టాడు. బస్సు రాగానే స్టూలు కింద పెట్టి దాని మీంచి మెట్టెక్కాలి, ఎక్కాక తాడు పట్టుకుని స్టూలుని పైకి లాక్కోవాలి. "ఎలా ఉంది?" అన్నాడు, ఏదో యంత్రం కనిపెట్టినవాడిలా. ఆమె స్టూలునీ తాడునీ చూసింది, అతన్ని చూసింది. "బాగుంది," అంది. వారం తిరక్కుండా బస్సులో ఆమెకి స్టూలమ్మ అని పేరొచ్చింది. ఈ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు.

కారు ఆమె అడగలేదా అంటే, అడిగింది. మూడుసార్లు అడిగింది.

మొదటిసారి, డాక్టరు మోకాలికి వ్యాయామం చేయించుకోమని పంపినప్పుడు. వారానికి రెండు రోజులు, ఊరి అవతలి కొసన. "బుక్ అయిపోయిందే. ఇప్పుడు కాన్సిల్ చేస్తే స్టార్లు పోతాయి," అన్నాడు. రెండు బస్సులు మారి నాలుగు వారాలు వెళ్ళి మానేసింది. తగ్గిందా అని అతను అడగలేదు, తగ్గలేదని ఆమె చెప్పలేదు.

రెండోసారి, ఒక సాయంత్రం కుండపోతగా వాన. ఆ రోజు ఏ కారణం చేతో బుకింగు లేదు, కారు ఇంటి ముందే ఉంది. మోకాలు వాచిపోయి లాండ్రీ గేటు దగ్గర గోడకానుకుని ఆమె ఫోన్ చేసింది. రెండుసార్లు చేసింది. అతని ఫోను ఖాళీ లేదు. మర్నాటికి బుక్ చేసుకున్నాయన వానలో వెళ్ళాలి, వైపర్లు బాగా పనిచేస్తాయా అని అడిగితే, తీరిగ్గా వివరిస్తున్నాడు. ఆమె తడిసి ముద్దయి ఇంటికొచ్చేసరికి, "ఆ తడి కాళ్ళతో లోపలికి రాకు, మరకలు పడతాయి," అన్నాడు.

మూడోసారి అడిగినప్పుడు ఆమెకి ఏ పనీ లేదు. "ఒక ఆదివారం ఊరికే అలా వెళ్దామండీ. ఎక్కడికైనా సరే. మొదట్లోలాగా."

"ఊరికేనా?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. "ఆదివారం రేటు ఎంతనుకుంటున్నావ్?"

ఆమె ఇంక అడగలేదు. గొడవ పెట్టుకోలేదు, అలగలేదు, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేయలేదు. ఏ లోపమూ కనపడకపోతే అంతా బాగున్నట్టేనని అతని లెక్క.

నలభై తొమ్మిది ట్రిప్పులు నిండాయి. యాభైయ్యోది ఒక గురువారానికి వచ్చింది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఎవరో ఆడమనిషి. ఫోటో ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ ఉంది. పేరు పైకే చదివి, తెలియని పేరన్నాడు భార్యతో. బుధవారం మధ్యాహ్నం అతను బాత్రూములో ఉండగా ఆ కస్టమరు దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "ముందు సీటు బాగా వెనక్కి జరుగుతుందా అండీ? మోకాలి నొప్పి ఉన్నావిడ కూర్చుంటారు."

యాభైయ్యో ట్రిప్పు. అతను ఒళ్ళంతా మర్యాద చేసుకుని రాశాడు. "తప్పకుండానండీ. నేనే జరిపి ఉంచుతాను. మోకాలి నొప్పి ఎంత బాధో నాకు తెలుసు, మా ఇంట్లో కూడా ఉంది. మా దగ్గర మెత్తటి దిండు ఉంది, వేసి ఉంచుతాను. అమ్మగారిని తలుపు పూర్తిగా తెరిచి నెమ్మదిగా ఎక్కించండి, తొందరపెట్టకండి. ఆవిడ ప్రయాణం హాయిగా జరగాలి."

ఆ సాయంత్రం అటక మీంచి దిండు తీయడానికి అతనికి చెయ్యి అందలేదు. చుట్టూ చూస్తే భార్య సంచిలో స్టూలు కనిపించింది. తీసి, దాని మీదెక్కి, దిండు దింపి, దుమ్ము దులిపాడు. ఆమె మంచం అంచున కూర్చుని మోకాలికి మందు రాసుకుంటోంది.

"ఎవరికండీ అది?"

"కస్టమరుకి. ఎవరో మోకాలి నొప్పి మనిషి వస్తుందట, పాపం."

"పాపం," అంది ఆమె కూడా. మందు సీసా మూత బిగించి పక్కన పెట్టింది. అతను కారు దగ్గరికి వెళ్ళి సీటు వెనక్కి జరిపి, దిండు వేసి, మధ్యలో చేత్తో నొక్కి చూసుకుని వచ్చాడు.

గురువారం పొద్దున్నే తాళం చెవి పెట్టెలో పెట్టి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి కారు గేటు ముందు బుద్ధిగా నిలబడి ఉంది, తాళం చెవి పెట్టెలోనే ఉంది. ఇరవై రెండు ఫోటోలు మొదలుపెట్టాడు. బయట గీత లేదు. ముందు తలుపు తీయగానే ముక్కు ముడుచుకున్నాడు, నొప్పి మందు వాసన. దిండు మీద బెత్తెడు మేర పండ్లరసం మరక. కాళ్ళ దగ్గర పట్టా మీద తెల్లటి నూలుపీచు. రోజూ గాజులో బుడగలు పట్టుకునే కన్నుకి ఇవి ఒక లెక్కా? మరక దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫోటోలు తీశాడు. ఆ మందు వాసన తాను ముప్పూటలా తన ఇంట్లోనే పీలుస్తున్నానని మాత్రం అతనికి తట్టలేదు. ఆ నూలుపీచు రోజూ సాయంత్రం తన గుమ్మంలో భార్య చీర అంచు నుంచి రాలిపడేదేనని కూడా తట్టలేదు. అక్కడే నిలబడి రెండు స్టార్లు ఇచ్చాడు. "వాహనాన్ని అశుభ్రంగా వాడారు. ఇలాంటి వారికి ఇవ్వవద్దని తోటి యజమానులకు మనవి," అని రాసి, శుభ్రం చేసే ఖర్చు కింద ఆ కస్టమరు కట్టిన డిపాజిట్‌లో కోత వేశాడు.

ఆరింటికి భార్య వచ్చింది. చెప్పులు విడవకముందే ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు.

"చూశావా? పాపం కదా అని దిండు కూడా వేసిస్తే చేసిన నిర్వాకం. రసం ఒలకబోశారు. కారంతా మందు కంపు. మనుషులేనా వీళ్ళు?"

ఆమె ఫోటో వంక చూసింది. "అయితే ఏం చేశారు?"

"చేసేదేముంది. రెండు స్టార్లు పడేశా. డిపాజిట్‌లో కోత కూడా వేశా."

ఆమె సంచి కింద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీలో కుదురుకోవడానికి ఆమెకి కొంచెంసేపు పడుతుంది.

"ఆ కోత వ్యాన్ అమ్మాయి మీద వేయకండి," అంది. "ఆ డబ్బు నాది. ఆ పిల్లది ఫోను ఒక్కటే."

"ఏ వ్యాన్ అమ్మాయి?"

ఆమెకి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదది. "లాండ్రీ వ్యాను నడిపే అమ్మాయండీ. పదకొండేళ్ళుగా రోజూ భోజనాల దగ్గర ఆ అమ్మాయి కబుర్లు చెబుతున్నాను. దాని కాలు విరిగితే నేను ఆసుపత్రిలో కూర్చున్నాను. దాని పేరు మీ ఫోనులో కనిపిస్తే తెలియని పేరు అనుకున్నారు చూడండి, అప్పుడే అనుకున్నాను, భయం లేదు, పట్టుకోలేరని."

అతను ఫోను వంక చూశాడు, పిల్లి బొమ్మ వంక చూశాడు.

"నువ్వా? మన కారుని మనమే... డబ్బు కట్టి... నన్ను అడిగితే పోయేదిగా!"

"అడిగాను. ఇంటిదానిలా మూడుసార్లు అడిగితే లేదన్నారు. కస్టమరులా ఒక్కసారి అడిగితే మూడు నిమిషాల్లో ఇచ్చారు."

"ఎక్కడికెళ్ళారసలు?" ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"ఎక్కడికీ వెళ్ళలేదు. నా బస్సు వెళ్ళే దారంతా తిప్పమన్నాను. ప్రతి స్టాపులోనూ ఆపింది. ఆగినచోటల్లా బస్సు కోసం నిలబడినవాళ్ళని లోపల కూర్చుని చూశాను. లాండ్రీ గేటు దగ్గర ఆపితే మావాళ్ళంతా బయటికొచ్చారు. మీ ఆయన ఇవాళ కారు నీకిచ్చారా అని అడిగారు. అవునన్నాను. కారులోనే కూర్చుని ఇద్దరం తెచ్చుకున్నది తిన్నాం. నవ్వుతుంటే రసం ఒలికింది. నా దిండు మీదేగా ఒలికింది?"

అతను చేతిలోని ఫోనుని బోర్లా తిప్పాడు.

"ఆ మెసేజ్ ఉంది చూశారూ, మీరు రాసింది. ఆ అమ్మాయి పైకి చదివింది. ఇంకోసారి చదవమన్నాను. అమ్మగారిని తొందరపెట్టకండి అని రాశారు. ఆవిడ ప్రయాణం హాయిగా జరగాలి అని రాశారు. మిమ్మల్ని చేసుకుని ఇరవై తొమ్మిదేళ్ళు. నా మోకాలి గురించి మీరు అంత మంచిగా మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అతనికి అనిపించింది, ఏడ్చేవాళ్ళని ఓదార్చొచ్చు. ఆమె లేచి, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని, పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది.

అతను బయటికి వచ్చి ఆ రెండు స్టార్లు చెరిపేద్దామని చూశాడు. ఒకసారి ఇచ్చినది మార్చడం కుదరదని యాప్ చెప్పింది. ఎన్నిసార్లు నొక్కినా ఆ మాటే చెప్పింది. అతను తన స్టార్లు ఇచ్చేశాడు కాబట్టి అవతలివాళ్ళు రాసింది కూడా తెరుచుకుంది. అయిదు స్టార్లు. "యజమాని చాలా మర్యాదస్తులు. మోకాలి నొప్పి అని చెప్పగానే సీటు జరిపి, దిండు వేసి ఉంచారు. ఇలాంటి మనిషి ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులు." ఆ కింద రంగు కాగితాలు ఎగిరే బొమ్మ వచ్చింది. అతని పేరు పక్కన పసుపుపచ్చ బిళ్ళ వెలిగింది.

శుక్రవారం బుకింగు అతను రద్దు చేశాడు. ఎన్ని స్టార్లు పోయాయో చూసుకోలేదు. దిండు గలీబు విప్పి రాత్రే ఉతికి ఆరేశాడు, మరక పూర్తిగా పోలేదు. ఫ్యాక్టరీకి సెలవు చెప్పాడు. ఎనిమిదిన్నరకి కారు గుమ్మం ముందుకి తెచ్చి, ముందు సీటు వెనక్కి జరిపి, దిండు వేసి, తలుపు పూర్తిగా తెరిచి నిలబడ్డాడు.

ఆమె సంచితో బయటికి వచ్చింది. "ఎవరైనా వస్తున్నారా?" అంది.

"నీకే. రా, కూర్చో."

ఆమె తెరిచిన తలుపుని, దిండుని చూసింది. కోపంగా చూసి ఉంటే అతను బతికిపోయేవాడు. "నేనివాళ బుక్ చేసుకోలేదండీ," అని, ముందు గేటు గడియ తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

అతను కారెక్కి వెనకాలే వెళ్ళాడు. బస్సు స్టాపుకి అవతలగా ఆపాడు. బస్సు వచ్చింది. ఆమె ఎవరికీ అడ్డం కాకుండా అందరూ ఎక్కేదాకా ఆగింది. సంచిలోంచి స్టూలు తీసి మెట్టు కింద పెట్టింది. రోడ్డు అక్కడ ఎగుడుదిగుడుగా ఉంది, స్టూలు ఊగింది. దాన్ని కాలితో సవరించి, ఎడమకాలు దాని మీద పెట్టి, ఒక చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో కుడికాలిని మోకాలి కింద పట్టుకుని, బరువు మూటలా లేపి మెట్టు మీద పెట్టుకుంది. మొహం కడ్డీకి ఆనించి కాసేపు అలాగే ఉంది. తర్వాత తాడు పట్టుకుని లాగింది. స్టూలు బస్సు చక్రం పక్కన చిక్కుకుంది. ఇంకోసారి లాగింది. లోపల ఎవరో, "కానీ స్టూలమ్మా, టైమవుతోంది!" అని అరిచారు. బస్సంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. స్టూలు ఊడివచ్చి కాలి ఎముకకి తగిలింది. బస్సు కదిలింది.

ఇరవై ఆరేళ్ళు కళ్ళు తెరిచి కూర్చుని జీతం తీసుకున్న మనిషి. భార్య బస్సు ఎక్కడం మాత్రం అదే మొదటిసారి చూశాడు. వెనక ఎవరో హారను కొడితే గానీ దారికి అడ్డంగా ఉన్నానని అతనికి తెలియలేదు.

ఇప్పుడు ఆ కారుని అద్దెకి ఇవ్వడం లేదు. యాప్ తీసేశాడు, పచ్చ బిళ్ళ దాంతోపాటే పోయింది. వాయిదా కోసం ఫ్యాక్టరీలో అదనపు షిఫ్టులు చేస్తున్నాడు. పొద్దున్నే కారు తుడిచి, ముందు సీటు వెనక్కి జరిపి, గుమ్మంలో నిలబెట్టి, "వస్తావా?" అంటాడు. వస్తావా అనడం కూడా అతనికి కొత్తే. ఆమె కసురుకోదు, మొహం తిప్పుకోదు, "బస్సు ఉందిగా," అని మామూలుగానే చెప్పి వెళ్తుంది. ఆమె మనసులో కోపం లేదనే అతని భయం.

పోయిన నెల స్టూలు కాలు విరిగింది. సాయంత్రం ఆమె చేతిలో కొత్తది కనిపించింది, పాతదానికంటే రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది, తాడు తనే కట్టుకుంది. ముడి వదులుగా ఉండటం అతని కంటపడింది. అడక్కుండానే తీసుకుని, విప్పి, గట్టిగా బిగించి ఇచ్చాడు.

"థాంక్సండీ," అంది ఆమె, బయటివాళ్ళతో అన్నట్టుగా.